పొగకెన్ని మార్కులు

మిర్యాలగూడ,
1987 సెప్టెంబర్.

రాజారత్నమన్నకు,

"మేము క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని మొదలుపెడితే అబద్ధమవుతుంది. అందుకే నేరుగా విషయానికి వస్తున్నాను.

మొన్న తారక్కను సూర్యాపేట తీసుకొచ్చి ఒక డాక్టరుకు చూపించాను. మీ బడి ముందు నుంచే నడిచాం. నీకు కబురు పెట్టలేదని కోపం తెచ్చుకోకు, అప్పటికి నా కోపమే నాకు ఎక్కువై ఉంది. డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి విని, బీడీలు ఎన్నేళ్ళ నుంచి తాగుతున్నావని అడిగాడు. అక్క నవ్వి, "బీడీ ఎన్నడు ముట్టలే సారూ, పొయ్యి తాగుత," అంది. ఆయనా నవ్వాడు. నేను నవ్వలేదు. పొగకు దూరంగా ఉంచకపోతే ఈ ఛాతీ ఎక్కువ ఏళ్ళు పనిచేయదని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు.

అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే అని నీకు తెలుసు. మనం హాస్టల్లో ఉన్నప్పుడు తండా నుంచి నేరేడుచర్ల దాకా నడిచి, బస్సు పట్టుకొని, జొన్నరొట్టెల మూటతో వచ్చేది. నువ్వు పెద్ద క్లాసువాడివని పెద్ద వాటా నీకే పెట్టేది. ఆ రొట్టెల్లో ప్రతి ఒక్కటీ ఆమె ఊపిరి కొంత గుంజుకొని కాలింది. మనం ఎప్పుడైనా ఆలోచించామా?

ఎండాకాలం మా గుడిసెలోకి వస్తే మొదట ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడ్డాక నల్లటి గోడలు, నల్లటి దూలం, దూలానికి గబ్బిలాల్లా వేలాడే మసి కట్టలు. మనుషులు చంద్రుడి మీద నడిచి ఇన్నేళ్ళయింది, మా ఆడవాళ్ళు ఇంకా గుహలో వండుతున్నారు. మిల్లు దగ్గర టీ కొట్లో విజ్ఞాన ప్రచారం వాళ్ళ కరపత్రాలు, చిన్న పుస్తకాలు దొరుకుతాయి. దొరికినవన్నీ చదివాను. పొగలేని పొయ్యి కట్టొచ్చట. పక్క ఊళ్ళో ఎవరో వచ్చి కొన్ని కట్టిపోయారు కూడా. వెళ్ళి చూశాను. ఒకదాంట్లో కోడి పొదిగింది. పేదవాడికి చేసే పని సగం చేస్తే చాలనుకునే వాళ్ళ పని అది.

నేను పూర్తిగా చేస్తాను. ఈ రైసుమిల్లులో బాయిలర్‌లోకి ఊక తోసే పని నాది, మంటను ఎటు గుంజితే ఎటు పోతుందో నా చేతులకు తెలుసు. లెక్క మాత్రం రాదు. నువ్వు లెక్కల సారువి. మీ బడికి కంప్యూటర్ వచ్చిందని విన్నాను. అది పిల్లల ఆటకేనా, మనుషుల ఊపిరికి కూడా పనికొస్తుందా, రాయి.

మండుతున్న తమ్ముడు
సోమ్లా


సూర్యాపేట,
1987 అక్టోబర్.

సోమ్లా,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. చల్లారాక చదివాను.

కంప్యూటర్ వచ్చిన మాట నిజమే. ఆ గది తాళంచెవి హెడ్మాస్టరు మొలతాడుకు ఉంటుంది. చెప్పులు విప్పి, కాళ్ళు తుడుచుకొని లోపలికి పోవాలి. మా చర్చిలో కూడా ఇంత భక్తి చూడలేదు. బడి విడిచాక నాకు కాసేపు ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు.

విను. మంచి పొయ్యి ఏదో తెలుసుకోవడానికి మనకు మూడు దారులున్నాయి. మొదటిది, నేను కంప్యూటర్‌లో సమీకరణాలు రాసి ఉత్తుత్తి పొయ్యి వెలిగించడం. పొగగొట్టం ఎత్తు, పొయ్యి నోరు, గిన్నెకూ మంటకూ మధ్య ఎడం మారుస్తూ ఒక్క సాయంత్రంలో వందల పొయ్యిలు వెలిగించొచ్చు. కానీ అది మోటు లెక్క. దానికి తడి కట్టె తెలియదు, ఈదురుగాలి తెలియదు. రెండోది, నువ్వు నిజంగా మట్టితో పొయ్యి కట్టి, కుండెడు నీళ్ళు మరిగించి, ఎంత కట్టె కాలిందో తూచడం. ఇది నిజానికి కొంత దగ్గర. కానీ పొయ్యి ఆరడానికే రోజులు పడతాయి, కొన్నే చేయగలం. మూడోది మీ అక్క వంటిల్లు. అసలు నిజం అదే. అయితే అక్కడ ఎన్ని పొయ్యిలని విరగ్గొట్టి కడతాం? అందుకని చవక దారిలో ఎక్కువ వెతుకుదాం, నచ్చినవాటిని నీళ్ళతో పరీక్షిద్దాం, చివరికి ఒక్కదాన్ని ఇంట్లో పెడదాం.

ఇంకో చిక్కుంది. మనకు కావలసింది ఒక్కటి కాదు. పొగ తగ్గాలి, కట్టె తగ్గాలి, వంట తొందరగా కావాలి. గొట్టం ఎత్తు పెంచితే పొగ పోతుంది. దాంతోపాటు వేడీ పోతుంది, కట్టె ఎక్కువ పడుతుంది. కాబట్టి దేనికి పదిలో ఎన్ని మార్కులో ముందు తేలాలి. ఆ మార్కులు నువ్వు వేయకు, నేనూ వేయను. వండే మనిషిని అడుగు.

దూలానికి గబ్బిలాల్లా వేలాడేవి ఏమిటి? అక్కడే ఎందుకు కట్టారు? వంటింట్లో ఉన్న ప్రతి వస్తువూ రాయి. లెక్కలోకి ఏది వస్తుందో ముందే తెలియదు.

పెద్ద వాటా తిన్న అన్న
రాజారత్నం


మిర్యాలగూడ,
1987 నవంబర్.

అన్నా,

మిల్లు వెనక ఊక కుప్ప పక్కన పొయ్యిలు కట్టాను. హమాలీలు నన్ను కుమ్మరి సోమ్లా అంటున్నారు. అననీ. నువ్వు పంపిన కొలతల ప్రకారమే కట్టి, నీళ్ళు కాచి, మిల్లు కాటా మీద కట్టెలు తూచాను. తూకాలన్నీ వెనక పేజీలో ఉన్నాయి. ప్రతిసారీ నీ కంప్యూటర్ చెప్పినదానికన్నా ఎక్కువే కాలాయి. కట్టెల దగ్గర నీ యంత్రానికి మహా పిసినారితనం.

మార్కుల సంగతి. అక్కను అడిగాను. పొగకు పదికి పది అంది. కట్టె నేను కొట్టుకొస్తా, పొద్దు నాకు చాలా ఉంది, పొగ ఒక్కటి పోతే చాలు అంది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెబుతారు?

దూలానికి వేలాడేవి పూలదండలు. పెండ్లికి కట్టాం. ఇవేం ప్రశ్నలన్నా? మనిషి ఊపిరి పోతుంటే నీకు మసి కట్టలు లెక్క కావాలా? పట్నంలో ఉంటే ఇట్లాగే అవుతుంది. ప్రశ్నలు పెరుగుతాయి, పని తరుగుతుంది.

నాకు పట్టికలు వద్దు. ఒక్క పొయ్యి చెప్పు.

సోమ్లా


సూర్యాపేట,
1987 డిసెంబర్.

సోమ్లా,

నీ తూకాలు చూశాక ఒకటి తెలిసింది. కంప్యూటర్ అబద్ధమాడుతోంది, కానీ ఒకే తీరులో ఆడుతోంది. గొట్టం ఎత్తు పెరిగేకొద్దీ అబద్ధం పెరుగుతోంది. అది ఎంత పెరుగుతోందో నీ నీళ్ళ పరీక్షలతో పట్టుకొని లెక్కకు కలిపాను. ఇప్పుడు మోటు లెక్క కొంచెం బుద్ధిగా మాట్లాడుతోంది. ఈ సంతోషం చెప్పుకుందామంటే స్టాఫ్ రూములో ఎవరికీ పొయ్యిలు అక్కరలేదు.

నీకు ఒక్క పొయ్యి కావాలన్నావు. లెక్క నాకు ఒక్కటి ఇవ్వలేదు, ఒక వరస ఇచ్చింది. ఆ వరసలో ఈ చివర కట్టె బాగా ఆదా చేసే పొయ్యి, కాస్త పొగ వస్తుంది. ఆ చివర పొగ అసలే రాని పొయ్యి, కట్టె మింగుతుంది. మధ్యలో మిగతావి. అన్నిట్లోనూ మెరుగైనది ఏదీ లేదు. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాల్సిందే.

మీ అక్క పదికి పదీ పొగకే వేసింది కాబట్టి ఆ చివరిదాని బొమ్మ, కొలతలు పంపుతున్నాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం వింతగా ఉంది. మా అమ్మనడిగితే కట్టెకు నాలుగైనా వేసేది. అయినా ఛాతీ ఆమెది, మాట ఆమెది.

ఒక్కటే కట్టు. ఒక ఏడాది చూడు. వానాకాలం కూడా గడవనీ. తరువాతే పొగడ్తలు.

రాజారత్నం


మిర్యాలగూడ,
1988 జనవరి.

అన్నా,

కట్టాను. పాత పొయ్యి పగలగొట్టి, ఆ మట్టే పిసికి, ఊక కలిపి కట్టాను. గొట్టం కప్పు దాటించి నిలబెట్టాను. వెలిగించగానే పొగ మొత్తం దారి తెలిసినట్టు గొట్టంలోకి పోయింది. ఆ గుడిసెలో అక్క ముఖం పట్టపగలు స్పష్టంగా చూడటం నా జీవితంలో అదే మొదటిసారి. చెంప మీద చిన్న మచ్చ ఉంది అన్నా. నాకు తెలియదు.

ఆదివారం అంతా పరీక్ష చేశాను. జొన్నరొట్టెలైతే ఒక్కోటి ఒక్కో మందం ఉంటుంది, లెక్క చెదిరిపోతుంది కాబట్టి వద్దని, బియ్యం తెచ్చి అన్నం, పప్పు వండించాను. నీళ్ళ పరీక్షతో సరిగ్గా సరిపోయింది. మన లెక్క నెగ్గింది.

బావ గోప్యా మేకలు తోలుకొచ్చి లోపలికి తొంగిచూసి, ఇల్లు తప్పి వచ్చానేమో అన్నాడు. ఇరుగు పొరుగు ఆడవాళ్ళు వచ్చి చూసి గుసగుసలాడుకున్నారు. పుష్పాబాయి అని పెద్దామె ఉంది, ఆమె గొట్టాన్ని, దూలాన్ని మార్చి మార్చి చూసి ఏమీ అనకుండా పోయింది. కొత్తదంటే అంతే. అక్క కూడా అప్పుడప్పుడు గొట్టానికి మూత పెట్టుకోవచ్చా అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. కూర్చోబెట్టి ఊపిరితిత్తుల బొమ్మ నేల మీద గీసి పాఠం చెప్పాను. విని, సరే అంది.

రెండు వారాల నుంచి ఆమె దగ్గు తగ్గింది. ఇది రాసుకో.

గెలిచిన తమ్ముడు
సోమ్లా


కోదాడ,
1988 మార్చి.

సోమ్లా,

నన్ను కోదాడకు బదిలీ చేశారు. ఇక్కడి బడిలో కంప్యూటర్ లేదు, కిటికీలకు తలుపులు కూడా సరిగా లేవు. పిల్లలు మాత్రం "వచ్చారండీ, వెళ్ళారండీ" అని మర్యాదగా మాట్లాడతారు. నేను "ఏంరా, గిట్ల రా" అంటే మొదటి రోజు భయపడ్డారు.

అక్క దగ్గు తగ్గిందని చదివి ఆ పూట అన్నం రుచిగా తిన్నాను. అయితే నీ ఉత్తరం మళ్ళీ చదివితే రెండు ముళ్ళు గుచ్చుకున్నాయి.

మీ ఇంట్లో రోజూ అన్నం, పప్పు వండుతారా? జొన్నరొట్టె కాల్చే పొయ్యిని అన్నంతో పరీక్షిస్తే నీళ్ళ పరీక్షతో సరిపోక ఏమవుతుంది? అసలు నిజాన్ని మోటు లెక్కకు తగ్గట్టు నువ్వే కత్తిరించావు. కంప్యూటర్ తప్పును నీళ్ళు పట్టుకున్నాయి. నీళ్ళ తప్పును అక్క వంటిల్లు పట్టుకోవాలి. దాని నోరు నువ్వు మూశావు.

రెండోది. గొట్టానికి మూత ఎందుకు అని అక్కను అడిగావా? ఆమె ప్రశ్న వేసింది, నువ్వు పాఠం చెప్పావు. కారణం మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు.

రాజారత్నం


మిర్యాలగూడ,
1988 ఏప్రిల్.

రాజారత్నం గారికి,

గారు అని కావాలనే రాస్తున్నాను. మీరు సారు అయిపోయారు.

మా ఆడవాళ్ళు దగ్గి దగ్గి చచ్చినన్ని రోజులు ఎవరూ ముళ్ళు ఏరలేదు. ఒకడు లేచి పని చేసి చూపిస్తే దాంట్లో ముళ్ళు. రొట్టె మందం దగ్గర విప్లవాలు ఆగవు. తండాలో ప్రతి ఇంటికీ ఈ పొయ్యి కడతాను. వానలకు ముందే మొదలుపెడతాను. మీ ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి.

సోమ్లా


మిర్యాలగూడ,
1988 జూన్.

అన్నా,

వానలు పడ్డాయి. తండాలో విత్తనం పోయింది. అక్క ఇంట్లో కట్టిన జొన్న, మక్క కంకులు పురుగు పట్టాయి. తేమ వల్లనట. అక్కే అంది, తను సరిగా చూసుకోలేదని. కాలువ నీళ్ళు ఎక్కని చెల్కలు మావి, ఈ జొన్న తప్ప ఇంకోటి నిలవదు. పుష్పాబాయి తుంగతుర్తి వైపు తన పుట్టింటి తండాకు పోయి కొంత విత్తనం తెచ్చింది. ఆలస్యంగానైనా సగం చెల్కల్లో పడింది. మిగతా సగం బీడు.

మిగతా పొయ్యిలు ఇంకా మొదలుపెట్టలేదు. మిల్లులో పని ఎక్కువగా ఉంది.

సోమ్లా


కోదాడ,
1988 జూన్.

సోమ్లా,

నీ ఉత్తరం ఇంత చిన్నగా ఎప్పుడూ లేదు. అందులో ఒక్క తిట్టు లేదు. అందుకే భయపడి పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను.

విత్తనం కంకులు అక్క ఇంట్లో ఎక్కడ కట్టారు? దూలానికేనా? పొయ్యికి సరిగ్గా పైనున్న దూలానికేనా?

జవాబు నాకు తెలిసిపోయింది, నువ్వు రాయనక్కరలేదు. పొగ తగిలితే పురుగు చేరదు. నేను పట్నం క్రైస్తవుల ఇంట్లో పుట్టి కంట్రోలు బియ్యం తిని పెరిగినవాణ్ణి, నాకు తట్టలేదు. అది సాకు కాదు. దూలానికి ఏం వేలాడుతున్నాయని నేను అడిగాను. నువ్వు పూలదండలన్నావు. జవాబు రాని ప్రశ్నను పట్టుకొని కూర్చోవాల్సింది పోయి నేనేం చేశానో చెప్పనా? లెక్కలో "ఇతరములు" అని ఒక గడి పెట్టుకున్నాను. దానికి సున్నా వేసి ముందుకు పోయాను. నాకు తెలియనిది సున్నా ఎట్లా అవుతుంది? పిల్లవాడు పరీక్షలో ఈ పని చేస్తే చెవి మెలిపెట్టేవాణ్ణి. రోజూ బోర్డు ముందు నిలబడితే చేతిలో సుద్దముక్క బరువుగా ఉంటోంది.

ఇంకొక్కటే అడుగుతాను. పొగకు పదికి పది అని అక్క నిజంగా అందా?

రాజారత్నం


మిర్యాలగూడ,
1988 జులై.

అన్నా,

అనలేదు.

నేను అడగనే లేదు. ఆ మార్కులు నావి. అడిగేదేముంది, నాకు తెలుసు కదా అనుకున్నాను. నీకు మాత్రం ఆమె నోటితో రాశాను, నువ్వు ఎదురు చెప్పవని.

మా తండాలో విత్తనం ఎవరింట్లో వాళ్ళు కట్టుకోరు. ఎవరి పొయ్యి ఎక్కువసేపు మండుతుందో, ఎవరి చెయ్యి మంచిదని పేరుందో ఆ ఒక్క ఇంటికే అందరూ తెచ్చి ఇస్తారు. ఒక్కో ఇంటి కట్టకు ఆ ఇంటి ఆడమనిషి పాత లంగా అంచు చింపి కడుతుంది, గుర్తుకు. అమ్మ ఉన్నప్పుడు అమ్మ దూలానికి కట్టేవాళ్ళు, తరువాత అక్క దూలానికి. ఇదంతా నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. గబ్బిలాలని రాసింది ఆ కట్టల గురించే. ఏ పుస్తకంలోనూ వాటి ఊసు లేదు కాబట్టి అవి నా కంటికి మసిగా కనపడ్డాయి.

మొదటి వాన పడ్డాక ఆడవాళ్ళు వచ్చారు. ఎవరి అంచు వాళ్ళు చూసుకొని కట్ట దించుకున్నారు. పుష్పాబాయి తన కంకిని అరచేతిలో తట్టింది. పిండి రాలింది. రెండో ఆమె తట్టింది. పిండే. ఎవరూ అరవలేదు. అరిస్తే బాగుండేది.

సాయంత్రం నాయకుడు హన్మా ఇంటి ముందు అందరూ కూడారు. నేను ఆ రోజు తండాలోనే ఉన్నాను. హన్మా ఏమైందని అడిగాడు. అక్క లేచి నిలబడి, "తేమ తగిలింది కాకా. నేనే సూసుకోలే. నా చెయ్యి మంచిది కాకపాయె," అంది. నేను వెనక గోడకు ఆనుకొని ఉన్నాను. నోట్లో మాట సిద్ధంగా ఉంది. గొట్టం వల్ల, నా వల్ల అని రెండు ముక్కలు. మరుసటి వారం నుంచి ఇంటింటికీ పొయ్యి కడతానని అందరికీ చెప్పి ఉన్నాను. ఆ మాట గుర్తొచ్చి నాలుక కదల్లేదు. మిల్లు గేటు దగ్గర మేనేజరు మీదికి లేచిన నోరే అది. ఇక నుంచి విత్తనం తారా ఇంట్లో వద్దు, పుష్పాబాయి ఇంట్లో కడదాం అని తేల్చారు. అక్క తల ఊపింది.

ఇంటికి వచ్చాక మూత ఎందుకు అడిగావని అప్పుడు అడిగాను, అన్నీ అయిపోయాక. కంకులకు పొగ పట్టిద్దామని అంది. మరి నేను వద్దంటే ఎందుకు ఊరుకున్నావన్నాను. "నువ్వు గంత సంబురపడుతుంటివి. నా తమ్ముడు నా కొరకే కట్టిండు, మూస్త అంటే చిన్నబోతడని ఊకున్న," అంది. తరువాత నాకే పళ్ళెం పెట్టి అన్నం తినమంది.

మర్నాడు ఆమె గొట్టంలో గోనెగుడ్డ కుక్కి వండుతోంది. విత్తనం లేదు, ఏమీ లేదు, ఉత్త పొగ. మళ్ళీ దగ్గు మొదలైంది. గుడ్డ తీయమని చెప్పే ముఖం నాకు లేదు.

సోమ్లా


కోదాడ,
1988 జులై.

సోమ్లా,

నువ్వు ఒప్పుకున్నావు. బాగుంది. కానీ నాకు ఒప్పుకున్నావు. నేను కోదాడలో ఉన్నాను. ఆ రెండు ముక్కలు వినాల్సిన వాళ్ళు హన్మా ఇంటి ముందు ఉన్నారు.

ఇది నిన్ను నిలదీయడానికి రాయడం లేదు. సగం తప్పు నాది. నన్నూ తీసుకుపో. దసరా సెలవుల్లో వస్తాను, నీ పక్కన నిలబడతాను. ఒంటరిగా పోతానంటే ఇంకా మంచిది.

అక్క గొట్టంలో గుడ్డ ఎందుకు కుక్కిందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. ఆమె పొగ కోసం కుక్కలేదు. ఇల్లు మళ్ళీ పాత ఇల్లులా కనపడాలని కుక్కింది, ఎవరైనా మళ్ళీ కట్ట పట్టుకొని వస్తారేమోనని.

రాజారత్నం


తండా, నేరేడుచర్ల పోస్టు,
1988 డిసెంబర్.

అన్నా,

దసరాకు నువ్వు వస్తానంటే వద్దని కార్డు రాసినందుకు ఏమనుకోకు. నువ్వు పక్కన ఉంటే సారు చెప్పించాడంటారని భయపడ్డాను. ఆ తరువాత కూడా ఒంటరిగా చెప్పడానికి చాలా రోజులు పట్టింది. ప్రతి ఆదివారం తండాకు పోవడం, హన్మా ఇంటి దాకా నడవడం, మేకల గురించి మాట్లాడి తిరిగి రావడం.

కోతలయ్యాక కొత్త కంకులు పుష్పాబాయి ఇంటికి చేర్చే రోజు వచ్చింది. అందరూ ఉన్నారు. అక్క కూడా తన కట్ట ఒక్కటి పట్టుకొని అందరి వెనక నిలబడింది. పోయినేడు వరకు ఆమె ముందు నిలబడి అందరివీ తీసుకునేది. అది చూశాక ఇక ఆగలేదు. అక్క చెయ్యి మంచిదే, పొగను పోగొట్టింది నా గొట్టం, మూత పెడతానంటే వద్దన్నది నేను, మీటింగులో నోరు మూసుకున్నదీ నేనే అని చెప్పాను. పుస్తకాల మాట ఒక్కటీ రాలేదు.

పుష్పాబాయి కింద కూర్చొని కట్టలు సర్దుతోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"గొట్టం సంగతి మాకెరుకనే పిలగా. అవ్వాల్టి సంది ఎరుకనే. పొయ్యి మీద కోపమేముంటది మాకు? మీ అక్క లేసి నిలవడ్డప్పుడు నువ్వేడ నిలవడ్డవో అది సూసినం."

అన్నా, మిల్లులో బాయిలర్ మూత తీసినప్పుడు ముఖానికి తగిలే వేడి నీకు తెలియదు. అది ఇంతకన్నా నయం.

అంటే ఆరు నెలలుగా వాళ్ళకు తెలుసు. నేను చెబుతానా అని చూశారు. అక్క ఇంట్లో విత్తనం వద్దన్నది ఆమె చేతిని అనుమానించి కాదు. గొట్టం నాది, దాన్ని తీసేయమని ఆమె తమ్ముడికి చెప్పలేదు, వాళ్ళూ చెప్పలేరు. అందుకని కట్టలే వేరే ఇంటికి పంపారు. ఈ ఆడవాళ్ళ ముందు నేను జనవరిలో నేల మీద ఊపిరితిత్తుల బొమ్మ గీశాను.

అక్కకు మాత్రం నా మీద కోపమొచ్చింది, చెప్పినందుకు. నా పరువు నేను తెచ్చుకునేదాన్ని, నడుమ నువ్వెవరు అంది.

తరువాత జరిగింది విను. విత్తనం తారా ఇంటికే పోవాలని ఒకరు, ఆమెకు పొగ పడదని డాక్టరు చెప్పాడు కదా అని ఒకరు. వాదన చాలాసేపు సాగింది. చివరికి పుష్పాబాయి నా వైపు చూసి, "పొగ పెట్టేటోడు దొరికిండు కదనే," అంది. అందరూ నవ్వారు. హన్మా అయితే పగడీ సర్దుకుంటూ నవ్వాడు. మగవాడు పొయ్యి ముందు కూర్చోవడం మా తండాలో ఎవరూ చూడలేదు. నవ్వుగా మొదలైంది, తీర్పుగా ముగిసింది: విత్తనం అక్క దూలానికే, పొగ పెట్టే పని నాకు.

కాబట్టి ఇప్పుడు ఇట్లా నడుస్తోంది. గొట్టానికి రేకుతో మూత చేశాను, తాడు గుంజితే పడుతుంది. పొద్దున అక్క వండుకునేటప్పుడు మూత తెరిచే ఉంటుంది, పొగ బయటికి పోతుంది. వంట కాగానే ఆమె బయటికి వస్తుంది, నేను లోపలికి పోయి మూత వేసి పచ్చి కట్టె తోస్తాను. వదిలేసి పోదామంటే గడ్డి కప్పు, నిప్పురవ్వ ఎగిరితే ఇల్లే పోతుంది. అందుకని కూర్చోవాల్సిందే. మిల్లులో బతిమాలి రాత్రి పనికి మారాను.

నీ మార్కుల సంగతి మరచిపోలేదు. నిన్న అక్కను అడిగాను, ఈసారి నిజంగా. అంకెలతో అడిగితే నవ్వుతుందని పది జొన్న గింజలు చేతిలో పెట్టి, కట్టెకు ఎన్ని, పొద్దుకు ఎన్ని, పొగ లేకపోవడానికి ఎన్ని, విత్తనానికి ఎన్ని అని పంచమన్నాను. విత్తనం దూలం మీద ఉన్న నెలలకా, లేని నెలలకా అని ముందు తనే నన్ను అడిగింది. మన లెక్కలో నెలలే లేవు కదన్నా. ఉన్న నెలలకే అన్నాను. చాలాసేపు ఆలోచించి నాలుగు కుప్పలు పెట్టింది. విత్తనానిది పెద్ద కుప్ప, పొగది దాని తరువాత. ఒక గింజ మాత్రం అరచేతిలోనే ఉంచుకుంది. అది దేనికి అంటే, "పొయ్యి కాడ కూసునేటోనికి," అంది. ఆ గడి మన లెక్కలో ఎక్కడుందో నువ్వే చూడు. నాకు కనపడలేదు.

ఈ ఉత్తరం పొయ్యి ముందు కూర్చొనే రాస్తున్నాను. కాగితం మీద నల్ల మరకలుంటే సిరా కాదు. కళ్ళు ధారగా కారుతున్నాయి, అక్షరం కనపడటం లేదు, ఛాతీలో ఎవరో గోకుతున్నట్టుంది. ఇది నాకు తొలకరి దాకా, కొన్ని నెలలే. ఆమెకు ఎన్నేళ్ళో. నేను దీని మీద కరపత్రాలు చదివాను.

దగ్గు వినపడితే అక్క లోపలికి వస్తుందని మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకొని దగ్గుతున్నాను. అయినా ఆమెకు వినపడుతుంది. గడప అవతల కూర్చొని జొన్నలు చెరుగుతోంది. లోపలికి ఒక్కసారి తొంగిచూసి దూలం వైపు కన్నెత్తి చూసింది.

"కట్టె తోయిరా సోమ్లా. పొగ సాల్తలేదు," అంటోంది.

ఇక ఆపుతాను.

నీ తమ్ముడు
సోమ్లా